కొస పోగులు

మొన్న ఆదివారం ధర్మవరంలో మా అక్కవాళ్ళింట్లో మగ్గం గుంత పూడ్చారు.

ఆ ఇంట్లో రెండు మగ్గాలు. కిటికీ దగ్గరి దాని మీద మా బావ ఇప్పటికీ నేస్తున్నాడు. గోడ పక్కనున్నది ఏళ్ళ తరబడి ఊరకే పడి ఉంది. నేసేవాళ్ళు కాళ్ళు కిందికి దించుకుని కూర్చోడానికి నేలలో తవ్విన గుంత దాని కింద ఉంది. అందులో తేళ్ళు చేరుతున్నాయని పూడ్చాల్సిందేనని బావ ఇన్నాళ్ళకు మొండికేశాడు. అక్క కాదనలేదట. "పూడ్చే పొద్దు దాన్ని గూడా రమ్మను" అని మాత్రం అందట. దాన్ని అంటే నన్ను. సోమందేపల్లెలో బడి పంతులమ్మని, ఆదివారం ఎటూ సెలవే. బస్సెక్కి పోయాను.

పోయేసరికి బావ గుంత అంచున కత్తెర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మగ్గానికి దారాలు దూర్చే అచ్చు ఇంకా అట్లాగే వేలాడుతోంది. దాని నిండా చిలకపచ్చ పట్టుపోగుల కొసలు, జానెడు పొడవున, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఆ కొసలు కోస్తే తప్ప మగ్గం ఊడదీయడం కుదరదు. కత్తెర అయితే పట్టుకున్నాడు గానీ ఆయన చెయ్యి ఆడడం లేదు.

ఆ కొసలు వదిలిపెట్టింది మా అక్క కూతురు. దాని పేరు ఇక్కడ రాయను. అక్క ఇంట్లో ఆ పేరు పలకడం మానేశారు, 'ఆ పిల్ల' అంటారంతే. నేనూ అంతే అంటాను.

నేతపని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. చీర అయిపోగానే పడుగు, అంటే నిలువు పోగులు, మొత్తం కోసెయ్యరు. అచ్చులో కాస్త కొసలు మిగులుస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. కొసలు లేకపోతే ప్రతి పోగునూ మళ్ళీ మొదటినుంచి అచ్చులోకి ఎక్కించుకోవాలి, తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని మగ్గాన్ని ఎవరూ బోడిగా వదలరు. బోడి మగ్గం ఇంటికి మంచిది కాదంటారు కూడా.

ఆ అతికే పని ఆ పిల్లది. పట్టు జారకుండా వేళ్ళకు పొయ్యి బూడిద రాసుకునేది. ఎప్పుడు చూసినా దాని బొటనవేలూ చూపుడువేలూ బూడిద రంగులోనే ఉండేవి. నేను గంజిపెట్టి ఇస్త్రీ చేసుకున్న చీర కట్టుకుని గడప దాటడం ఆలస్యం, వచ్చి వాటేసుకుని వీపు మీద ఆ రెండు వేళ్ళ గుర్తులూ వేసేది. "ఏం టీచరమ్మా, ఈ వారం ఎంతమందిని కొట్టొచ్చినావు?" అనేది. నేను తిడితే, "కొట్టే చెయ్యి ఊరుకోదు గదా, పాపం" అని నా చెయ్యి తీసుకుని ఒత్తేది. నేను పిల్లల్ని కొట్టేదాన్నే. దాని నోటికి భయపడి కొంత తగ్గించాను.

చిన్నప్పుడే బడి మాని వాళ్ళ నాయన పక్కన కూర్చుంది. ధర్మవరం చీరకు అంచు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు. పక్కన ఇంకొకరు కూర్చుని అంచు రంగు దారం చుట్టిన నాడెను అటూ ఇటూ విసరాలి. బడి మాన్పించవద్దని నేను ఆ ఇంట్లో చేసిన రభస అంతా ఇంతా కాదు. అదే నన్ను ఓదార్చింది. "నీ బళ్ళో కింద కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి చిన్నమ్మా. ఈడైతే గుంతలోకి దించుకోవచ్చు."

దానికి ఒక ఊతపదం ఉండేది. తిన్నావా అంటే, "ఇంగ కొంచెం ఉండాది." పని అయిందా అంటే, "ఇంగ కొంచెం ఉండాది." కథ చెప్పమని పక్కింటి పిల్లలు చుట్టూ చేరితే సరిగ్గా దొంగ దొరికే చోట ఆపేసి, "ఇంగ కొంచెం ఉండాది, రేపు రాండి" అని తరిమేసేది. కంచంలో కడపటి ముద్ద ఎప్పుడూ వదిలేది. మా అక్క నేర్పిన అలవాటే అది. కంచం ఊడ్చుకుని తినకూడదు, కుండ అడుగంటా గోకకూడదు, దేన్నైనా మొత్తం తీర్చెయ్యకూడదు, రేపటికి అతుక్కోడానికి కొస మిగలాలి. మా అక్కకు బతుకంతా మగ్గం లెక్కే. నేను నాలుగక్షరాలు నేర్చినదాన్ని కాబట్టి ఇదంతా చూసి నవ్వేదాన్ని.

ఇంకో పిచ్చి కూడా ఉండేది దానికి. చీర మడత పెట్టి శావుకారు అంగడికి ఇచ్చేటప్పుడు తనూ పోయేది. చీరలు తీసుకుని ఊళ్ళకు పంపే వ్యాపారి ఆయన, పెద్ద మనిషి, కండ్లజోడు ముక్కు కొసన పెట్టుకుని అంచును వెలుతురుకు పట్టి చూసేవాడు. అది అట్లాగే ముక్కు చిట్లించి ఆయన పక్కన నిలబడి అడిగేది.

"సామీ, ఇది యాడికి పోతాది?"

"యాడికో పోతాది. నీకేంటికమ్మా?"

"ఎవరు కట్టుకుంటారు?"

"ఎవరో పెండ్లికూతురు కట్టుకుంటాది. నేసేది మీ పని, పంపేది నా పని. నడువు."

ఇంటికొచ్చి ఆయన నడకతో సహా నడిచి చూపించేది. బావ ఎప్పుడూ నవ్వని మనిషి, అప్పుడు మాత్రం కండువా అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న నవ్వులాటకు అడిగింది కాదు. నాతో ఒకసారి అంది: "మగ్గం మీద నాకు కనపడేది మూరెడే చిన్నమ్మా. నేసింది నేసినట్ల దోనె కర్రకు చుట్టుకుంటాది. కోసినంక మడత పెట్టేస్తారు. చీర నిలబడి నడిస్తే ఎట్లుంటాదో నేను చూసిందే లేదు." పట్టు నేసే ఇంటి ఆడవాళ్ళం, కట్టుకునేది మాత్రం నూలు. నాకు అప్పటిదాకా ఆ సంగతి తోచనే లేదు.

ఆ ఏడు కూడా వానల్లేవు. చేలల్లో శనక్కాయ మొలక మీదే మాడిపోయింది. అప్పుడే దానికి మోకాలి కింద వాపు వచ్చింది. గుంతలో కూర్చుని కూర్చుని కాలు పట్టిందిలే అన్నాడు బావ. ఆముదం కాచి రుద్దారు. ఎముకలకు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయి ఆకుపసరు కట్టించారు. ఆయన బాగా నలిపి మరీ కట్టాడు. అది అరిస్తే వినబడకుండా బావ బయటికొచ్చి నిలబడ్డాడు. ఆ సంగతి తలుచుకుని ఆయన ఇప్పటికీ భోజనం మధ్యలో లేచిపోతుంటాడు. తప్పు ఎవరిదన్న పంపకం మా ఇంట్లో ఎప్పుడూ తెగలేదు. ఎవరి వాటా వాళ్ళు గట్టిగా పట్టుకుని ఉన్నాం.

చివరికి బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే రాచపుండు అన్నారు, ఎముకలో. కాలు తొడదాకా తీసేశారు. నరానికి మందులెక్కించారు. జుట్టు తమలపాకంత మిగిలింది. ఇంటికొచ్చాక ఆ పిల్ల మొదట అన్న మాట నాకు గుర్తుంది. బావ మూలన కూర్చుని మగ్గం వైపే చూడడం లేదు. అది కర్ర టకటకమనిపించుకుంటూ పోయి గుంత అంచున చతికిలబడింది.

"నాయనా, కాళ్ళతో తొక్కేది నువ్వు. నాది చేతి పని. నా కాలితో నీకేం పనిబడింది? లెయ్, మగ్గమెక్కుదాం."

అట్లా నేసిన చీర అది. చిలకపచ్చ ఒళ్ళు, ఎర్రటి గోపురం అంచు. బళ్ళారిలో ఒక వ్యాపారి కూతురి పెండ్లికని శావుకారు చెప్పి మరీ నేయించాడు. మొదటిసారిగా ఆ పిల్లకు చీర పోయే ఊరు తెలిసింది. ఇక చూసుకో, దాని సంబరం! ఆ పెండ్లికూతురు పొడుగో పొట్టో, నవ్వుతుందో మూతి ముడుచుకుంటుందో, రోజుకొక రకంగా చెప్పేది. దగ్గు అప్పటికే మొదలైంది. దగ్గొస్తే నాడె ఆపి, పట్టు మీద తుంపర పడకుండా మొహం పక్కకు తిప్పుకుని దగ్గి, మళ్ళీ విసిరేది.

చీర కోసేనాడు నేను అక్కడే ఉన్నాను. కొసలు ఎప్పుడూ బెత్తెడు వదిలేది. ఆ రోజు జానెడు వదలమని వాళ్ళ నాయన దగ్గర పట్టుబట్టింది.

"ఏంటికమ్మే అంత? పట్టు దండగ."

"ఈ తూరి ఎవరతుకుతారో ఏమో. కొత్తోళ్ళకు పొడుగుంటే సులువు గదా నాయనా."

బావ జానెడు వదిలి కోశాడు. నేను వినబడనట్టు మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

తర్వాత మళ్ళీ బెంగుళూరు పోయాం. జబ్బు ఊపిరితిత్తులకు ఎక్కింది, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అక్కడొక చిన్న వయసు డాక్టరమ్మ, కన్నడమామె, మంచి మనిషి. వరండాలోకి వచ్చి మా అక్క చెయ్యి పట్టుకుని తనకొచ్చిన తెలుగులో, "పిల్లకి ఏమి ఆసె ఉందో అడగండి. అది తీర్చండి" అంది.

అక్క చెయ్యి విదిలించుకుంది. ఆమె అటు పోగానే నా మీద పడింది. "ఏమంటాందే ఆమె? బతికే బిడ్డను ఎవరన్నా కోరికడుగుతారా? కోరికడిగేది సచ్చేటోళ్ళను గదా!"

"అట్లా కాదక్కా, సంతోషంగా ఉంటాదని..."

"మన అవ్వను చూల్లేదా నువ్వు? మంచం మీద ఎన్ని నెలలుండె! చెరుకు రసం, చెరుకు రసమని ఆశపడుతాండె. దొరకలేదని మనం ఊరుకున్నంత కాలం బతికుండె. నీ మాట పట్టుకోని హిందూపురం నుంచి తెప్పిస్తిమి. రెండు చుక్కలు నోట్లో పోసుకునె, పాయె. కోరిక ఉండేదాకే ప్రాణం దాన్ని పట్టుకోని ఉంటాది. అది గూడా తీర్చేస్తే ఇంగ దేన్ని పట్టుకుంటాది?"

అవ్వ విషయం నిజమే. పండు ముసలి, ఆ రోజు కాకపోతే మర్నాడు పోయేదే. ఆ మాటే అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసింది. "సదువుకున్నావు లే" అంది.

ఇంటికి పోయే రైల్లో ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టుకుని మెల్లగా చెప్పింది. "ఆ డాక్టరమ్మ నన్నే అడిగిండొచ్చు గదా చిన్నమ్మా. చెప్పిండేదాన్ని. బళ్ళారికి పొయ్యి, నా చీర కట్టుకున్న పెండ్లికూతురును ఒకసారి చూసొస్తానని." చెప్పేసి, వాళ్ళమ్మ విందేమోనని తల ఎత్తి చూసింది. అక్క ఎదుటి బల్ల మీద కండ్లు మూసుకుని కూర్చుని ఉంది. మూసుకున్న కండ్లతోనే వినింది.

అక్కడినుంచి మొదలైంది మా అక్కకూ నాకూ యుద్ధం. తీసుకుపోదామని నేను, వద్దే వద్దని ఆమె. నేను అనకూడని మాటలన్నాను. మూఢనమ్మకం అన్నాను, బిడ్డ ఉసురు పోసుకుంటావన్నాను. అక్క శనక్కాయలు ఒలుస్తూ వినేది. పెండ్లి దగ్గరికొచ్చింది. శావుకారు ఎట్లాగూ పోతున్నాడు, మమ్మల్ని వెంట తీసుకుపోతానని ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడు: ఆ చీర నేసింది ఈ పిల్లేనని అక్కడ నోరెత్తకూడదు. "శుభమా అని పెండ్లి చేసుకుంటాండారు. జబ్బు మనిషి చెయ్యి పడిందంటే ఊరకే మనసులో పెట్టుకుంటారమ్మా." నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లే నా మోచెయ్యి గిల్లి, "చెప్పను సామీ, నేనేంటికి చెప్తా" అంది.

వాళ్ళమ్మను ఒప్పించింది కూడా అదే, నేను కాదు. ఒక సాయంత్రం అక్క దానికి అన్నం కలిపి పెడుతోంది. అది కడపటి ముద్దకు నోరు మూసుకుని తల అడ్డంగా ఊపింది.

"అమ్మా, ఈ ముద్ద మాదిరే ఆడ గూడా మిగిలించుకోనొస్తా. మొత్తం చూడను. చీర చూస్తా, పెండ్లికూతురు మొగం చూడను. ఇంగ కొంచెం ఉండాది అనుకోని వచ్చేస్తా. సరేనా?"

అక్క ఆ ముద్దను కంచంలోనే వదిలేసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఉన్నిబొంత తీస్కపో, రైల్లో గాలి కొడతాది" అంది.

ధర్మవరం స్టేషన్లో రైలు కదిలేముందు అక్క కిటికీ ఊచలు పట్టుకుని నాతో విడిగా చెప్పింది. "మొత్తం చూపిచ్చొద్దే. నీ కాళ్ళు మొక్కుతా." నవ్వాను. నవ్వి, సరే అన్నాను.

గుంతకల్లులో రైలు మారాం. ఎర్ర నేల పోయి నల్ల నేల రావడం చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "నేలకు గూడా అద్దకమేసినట్లుండారే!" బళ్ళారి దగ్గర పడుతుంటే కాలవ కనిపించింది, నిండా నీళ్ళు, పక్కన వరి. కిటికీకి నుదురు ఆనించి, కనిపించినంతసేపూ చూసి, "ఇన్ని నీళ్ళు ఊరకే పోతాండాయి, ఎవురూ బిందె గూడా పెట్టల్యా" అని గొణిగింది. ఎదురుగా కూర్చున్న శావుకారు కూడా నవ్వాడు. ఆయన తన దిండు తీసి దాని వీపు కింద పెట్టాడు. అంత మంచితనం ఆయనలో ఉందని అంతకుముందు నాకు తెలియదు.

మర్నాడు పొద్దున ముహూర్తం. సత్రం నిండా జనం. స్తంభం పక్కన కుర్చీ వేసి దాన్ని కూర్చోబెట్టాను. తలకు రుమాలు, ఒళ్ళో కర్ర. అక్కడి ఆడవాళ్ళు చూసి చూడనట్టు దూరం జరిగారు. ఒకావిడ తన చంటిపిల్లను మరో చంకకు మార్చుకుంది. అది ఏదీ పట్టించుకోలేదు. మెడ సాచి లోపలి గది వైపే చూస్తోంది.

పెండ్లికూతురు వచ్చింది. మాకు వీపు చేసి వేదిక మెట్లెక్కుతోంది. చిలకపచ్చ చీర, ఎర్ర గోపురాలు మడమల చుట్టూ వరసగా. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిన్నమ్మా! చూడు, మెట్టెక్కుతాంటే అంచు ఎట్ల లేస్తాందో! కుచ్చిళ్ళు చూడు. కొంగు చూడు, ఎంత పొడుగుండాదో... ఇదంతా నేనే నేసింటినా?"

"నువ్వే నేసినావే, నువ్వే" అన్నాను.

అప్పుడు పెండ్లికూతురు పీటల మీద కూర్చోడానికి ఇటు తిరగబోయింది. ఈ పిల్ల తల మీది రుమాలు లాగి మొహం మొత్తం కప్పేసుకుంది.

"పిచ్చిదానా, చూడవే! ఇంత దూరమొచ్చినాం. మీ యమ్మకు నేను చెప్పనులే."

"చాలు" అంది రుమాలు లోపలినుంచి. "ఇంగ కొంచెం ఉండనీ."

రుమాలు ఊపిరికి లోపలికీ బయటికీ ఆడుతోంది. వాయిద్యాలు మోగుతున్నాయి, అందరూ అక్షింతలు వేస్తున్నారు. నేను మాత్రం పెండ్లికూతురి మొహం చూశాను. తేరిపారా, కావలసినంతసేపు చూశాను.

వచ్చాక అక్క గడపలోనే అడిగింది. "చూసినావా?"

"చీర చూసినా. మొగం చూల్లేదు. దేవుని తోడు."

అక్క దాని తల నిమిరి, మెటికలు విరుచుకుంది. ఆ మూణ్ణాలుగు వారాలు ఆ ఇల్లు బాగుంది, నిజం చెప్పాలంటే. ఆ పిల్ల చీర నడిచిన నడక కర్ర మీద నడిచి చూపించింది. నేనైతే బడిలో, బస్సులో, కనిపించినవాళ్ళకల్లా చెప్పుకున్నాను, మా అక్క కూతురి కోరిక నేనే తీర్చానని. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కడుపునిండా తిన్నాను.

తర్వాత అది మంచం దిగలేదు. శనివారాలు బడి వదలగానే పోయేదాన్ని. ఒక శనివారం పోయేసరికి వెనక్కి దిండ్లు పేర్చుకుని కూర్చుని ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"చిన్నమ్మా. ఇప్పుడు చెప్పు. ఎట్లుండె ఆ పెండ్లికూతురు?"

నేను నోరు తెరిచాను. చెప్పడానికే తెరిచాను. ఆమె మొహం అప్పుడు నా కండ్ల ముందు స్పష్టంగా ఉంది, ముక్కుపుడకతో సహా. ఇంతలో వాకిట్లో అక్క కనిపించింది. చేతిలో నీళ్ళచెంబు. తల అడ్డంగా ఊపింది, వద్దు, వద్దు అని. ఆమె ఊపినందుకు ఆగానని చెప్పుకోవచ్చు. కానీ అది అబద్ధం. ఆమె ఊపకముందే నాకు గుండెలో దడ పుట్టింది. చెప్తే ఏమవుతుందో అని.

"నువ్వు లేసి తిరిగినంక మళ్ళా పోదాంలే. నువ్వే చూద్దువు" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"నువ్వు గూడా నమ్ముతాండావా చిన్నమ్మా?"

"ఛ, లేదే."

"మరి చెప్పు."

చెప్పలేదు. దుప్పటి సర్దాను. ఏదో పిల్లల కబురు ఎత్తుకున్నాను. అది కాసేపు విని, "పోనీలే టీచరమ్మా" అని నా చెయ్యి తీసుకుని ఎప్పటిమాదిరే ఒత్తింది. వేళ్ళకు బూడిద లేదు. ఎన్నాళ్ళనుంచో అతికే పని లేదు గదా మరి. మర్నాడు నేను బస్సెక్కాను. ఆ వారం మధ్యలోనే కబురొచ్చింది.

ఎన్నో వాదించుకున్నాను నాలో నేను. చెప్పి ఉంటే ఆ రాత్రే పోయేదేమో, నాలుగు రోజులు ఎక్కువ బతికింది గదా అనుకున్నాను. ఇదంతా నాన్సెన్స్, జబ్బుకు నీ మాటలతో పనేంటి అనీ అనుకున్నాను. ఏ వైపు వాదించినా మళ్ళీ ఆ మంచం దగ్గరికే వచ్చి నిలబడతాను. మా అక్క నమ్మింది, నమ్మినట్టే నడిచింది. నేను నమ్మనని ఊరంతా చెప్పుకుని, నమ్మినట్టు నడిచాను. ఆ పిల్ల నా దగ్గర అడిగింది అందుకే. నేనొక్కదాన్నే చెప్పగలదాన్ననుకుంది.

బావ ఆ మగ్గానికి మళ్ళీ కొత్త పడుగు అతకలేదు. అక్క అతకనివ్వలేదు. కొసలు కొయ్యనివ్వనూ లేదు.

మొన్న ఆదివారం చివరికి కత్తెర అక్కే తీసుకుంది. వరసగా పట్టుకుని కోసింది, చప్పుడు లేకుండా. పచ్చటి కొసలు ఒడిలో వేసుకుంది. బావ అచ్చు ఊడదీసి, గంపలతో మన్ను పోసి గుంత పూడ్చి, నీళ్ళు చల్లి తొక్కాడు. నేల చదునైంది. అక్క చేతులు కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇంగ మిగిలించుకునేకి ఏముండాదిలే. ఇప్పుడు చెప్పు. ఎట్లుండె ఆ పెండ్లికూతురు?"

చెప్పబోయాను. చీర గుర్తొచ్చింది, గోపురాలు గుర్తొచ్చాయి, మెట్టు మీద అంచు లేవడం గుర్తొచ్చింది. తెలుపో చామనఛాయో, గుండ్రటి మొహమో కోల మొహమో, కండ్లు మూసుకుని ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మొహం ఉండాల్సిన చోట ఊపిరికి ఆడుతున్న రుమాలే కనిపిస్తోంది.

"గుర్తులేదక్కా" అన్నాను.

అక్క నన్నే చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. ఒడిలోని కొసలు సర్దుకుంటూ అంది:

"నేనంటే తల్లిని, భయపడితిని. నువ్వు సదువుకున్నదానివి గదమ్మే. గుర్తున్న పొద్దు దానికన్నా చెప్పిండొచ్చు గదా."